పాతబడిన ఎస్‌ఎస్‌డీతో కంప్యూటర్ స్లో అయిందా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఏడెనిమిదేళ్ల కిందట ఎన్నో పాత ల్యాప్‌టాప్‌లలో హార్డ్‌డిస్క్ తీసేసి 120 జీబీయో, 240 జీబీయో ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేకుండా చిప్‌లలో డేటా దాచే డిస్క్) వేసి ఇచ్చాను. అప్పట్లో "కొత్తది కొన్నట్టుంది" అని సంబరపడ్డవాళ్లే ఇప్పుడు "మళ్లీ మొదటికొచ్చింది" అంటూ వస్తున్నారు. అందరి డౌట్లూ దాదాపు ఒకటే కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీ ఇబ్బంది ఏదో ఆ ప్రశ్న ఒక్కటి చదువుకుంటే చాలు. మెనూల పేర్లన్నీ విండోస్ 10, 11లవి.

## మొదటి అనుమానం: తప్పు ఎస్‌ఎస్‌డీదేనా?

కొత్తలో పదిహేను సెకన్లలో ఆన్ అయ్యేది, ఇప్పుడు రెండు నిమిషాలు పడుతోంది. ఎస్‌ఎస్‌డీ అరిగిపోయినట్టేనా?

చాలాసార్లు కాదు. ఇలా వచ్చిన కంప్యూటర్లు విప్పి చూస్తే ఎక్కువగా కనబడేవి మూడు: సీ డ్రైవ్ అంచుల దాకా నిండిపోవడం, ర్యామ్ చాలకపోవడం, ఆన్ కాగానే తమంతట తామే తెరుచుకునే ప్రోగ్రాములు పేరుకుపోవడం. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ పేజీకి వెళ్లి, రోజూ వాడని వాటిని డిసేబుల్ చేసి ఒకసారి రీస్టార్ట్ చేయండి. తేడా వస్తే మీ ఎస్‌ఎస్‌డీకి ఏమీ కాలేదు. నిజంగా అరిగిన ఎస్‌ఎస్‌డీ తీరు వేరుగా ఉంటుంది. ఉన్నట్టుండి మౌస్ కూడా కదలకుండా బిగుసుకుపోవడం, ఫైల్ తెరిస్తే ఎర్రర్ రావడం, ఒక్కోసారి బూట్ డిస్కే దొరకలేదనడం దాని లక్షణాలు.

టెస్టులు మొదలుపెట్టే ముందు చేయాల్సింది ఏమైనా ఉందా?

ఉంది, అన్నిటికంటే ముఖ్యమైనది అదే. పోతే తిరిగి రానివన్నీ ముందు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి.

హార్డ్‌డిస్క్ పోయేముందు తరచూ టక్‌టక్‌మని చప్పుడు చేసి ఒక హెచ్చరిక ఇచ్చేది. ఎస్‌ఎస్‌డీకి నోరు లేదు. రాత్రి షట్‌డౌన్ చేసింది పొద్దున కనబడకపోవచ్చు. డ్రైవ్‌ను నడిపించే కంట్రోలర్ చిప్ డేటాను ముక్కలు చేసి చాలా చిప్‌ల మీద పరుస్తుంది, చాలా మోడళ్లలో ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే రహస్య కోడ్‌లోకి మార్చి మరీ రాస్తుంది. అందుకే కంట్రోలర్ పోతే డేటా రికవరీ చాలా కష్టం, ఖర్చు కూడా ఎక్కువ.

ఒక ఫొటో స్టూడియో ఆయన "కొంచెం స్లో అవుతోంది, చూడండి" అని సిస్టమ్ తెచ్చారు. ముందు కాపీ చేద్దామంటే, "సాయంత్రానికి ఆల్బమ్ ఇవ్వాలి, ముందు స్పీడ్ సంగతి చూడండి" అన్నారు. నేను ఒప్పుకోలేదు. కాపీ 180 జీబీ దాటాక డ్రైవ్ ఒక్కసారిగా మాయమైంది, మళ్లీ రాలేదు. పెళ్లి ఫొటోలు దక్కాయి, ఆయన అకౌంట్స్ ఫోల్డర్ దక్కలేదు. అప్పటి నుంచి చిన్న ఫైళ్లు, డాక్యుమెంట్లు ముందు కాపీ చేసి, పెద్ద వీడియోలు చివరికి పెడుతున్నాను. మీరూ అదే వరుస పాటించండి: పాస్‌బుక్కులు, సర్టిఫికెట్ల స్కాన్లు, ట్యాలీ బ్యాకప్, బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, ఆ తర్వాత ఫొటోలు, చివర్లో సినిమాలు.

టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం అని ఎర్రగా చూపిస్తోంది. డిస్క్ నిండిపోయిందనా?

కాదు. డిస్క్ క్షణం ఖాళీ లేకుండా పనిలో ఉందని దాని అర్థం. పర్ఫార్మెన్స్ పేజీలో డిస్క్ మీద నొక్కి, అక్కడ స్పీడ్ ఎంతుందో, యావరేజ్ రెస్పాన్స్ టైమ్ ఎంతుందో రెండూ కలిపి చూడండి. 100 శాతం ఉండి సెకనుకు 200, 300 ఎంబీ కదులుతుంటే అది పని చేస్తోంది, ఏదో పెద్ద కాపీ నడుస్తోందంతే. 100 శాతం ఉండి ఒకటో రెండో ఎంబీ మాత్రమే కదులుతూ, రెస్పాన్స్ టైమ్ వందల మిల్లీసెకన్లలో ఉంటే మాత్రం డ్రైవ్ అవస్థ పడుతున్నట్టే. ఆరోగ్యంగా ఉన్న ఎస్‌ఎస్‌డీ మామూలు పనిలో ఒకటి రెండు మిల్లీసెకన్లు దాటదు.

ఆన్ చేసిన మొదటి అయిదు పది నిమిషాల్లో చూసి కంగారు పడకండి. విండోస్ అప్‌డేట్, యాంటీవైరస్ స్కాన్, సెర్చ్ ఇండెక్సింగ్ అన్నీ అప్పుడే నడుస్తాయి.

ర్యామ్ 4 జీబీ. క్రోమ్‌లో పది ట్యాబ్‌లు తెరిస్తే కదలదు. ఎస్‌ఎస్‌డీ మార్చాలా?

వద్దు, ర్యామ్ పెంచండి. ర్యామ్ నిండగానే విండోస్ ఎస్‌ఎస్‌డీలోని పేజ్ ఫైల్‌ను ర్యామ్‌కు బదులు వాడుకుంటుంది. ఎంత మంచి ఎస్‌ఎస్‌డీ అయినా ర్యామ్ వేగం ముందు చాలా వెనకే ఉంటుంది. పైగా రోజంతా దాని మీద రాస్తూ చెరుపుతూ ఉంటే అదీ త్వరగా అరుగుతుంది. 8 జీబీ చేస్తే కంప్యూటర్ తేలికపడుతుంది, ఎస్‌ఎస్‌డీ ఇంకొన్నాళ్లు బతుకుతుంది.

లోపల తిరిగే భాగమే లేదు కదా, ఎస్‌ఎస్‌డీ ఎందుకు ముసలిదవుతుంది?

డేటా అంటే లోపలి చిప్‌లోని సన్నటి గదుల్లో బంధించిన విద్యుదావేశం. రాసి చెరిపిన ప్రతిసారీ ఆ గది చుట్టూ ఉన్న ఇన్సులేషన్ పొర కొంచెం దెబ్బతింటుంది. వేలసార్లు అలా జరిగాక ఆవేశం సరిగ్గా నిలవదు.

ఒక్కో గదిలో ఎన్ని బిట్లు దాస్తున్నారన్నది ఇంకో సంగతి. ఎస్‌ఎల్‌సీలో ఒక్క బిట్, అంటే రెండు స్థాయిలు గుర్తుపడితే చాలు. టీఎల్‌సీలో మూడు బిట్లు, ఎనిమిది స్థాయిలు. క్యూఎల్‌సీలో నాలుగు బిట్లు, 16 స్థాయిలు. స్థాయిల మధ్య సందు తగ్గేకొద్దీ చదవడం కష్టం, అరుగుదల తట్టుకునే శక్తి తక్కువ. చౌకగా ఎక్కువ జీబీలు రావడానికి మనం కట్టే వెల అదే.

స్పీడ్ తగ్గడానికి కారణం ఇంకొకటుంది. ఒక అపార్ట్‌మెంట్ అనుకోండి. ఏ ఫ్లాట్‌లోనైనా విడిగా దిగొచ్చు, కానీ ఖాళీ చేయించాలంటే మాత్రం అంతస్తు మొత్తం ఒకేసారి ఖాళీ చేయించాలి. ఎస్‌ఎస్‌డీ రాసేది పేజీల్లో, చెరిపేది బ్లాకుల్లో. ఒక బ్లాకులో పనికొచ్చే పేజీలు నాలుగు మిగిలున్నా వాటిని వేరే చోటికి మార్చాకే ఆ బ్లాకును చెరపగలదు. దీన్నే గార్బేజ్ కలెక్షన్ అంటారు. డ్రైవ్ ఖాళీగా ఉన్నంతకాలం ఈ పని మనకు తెలియకుండా వెనక జరిగిపోతుంది. నిండిపోయాక మీరు సేవ్ నొక్కిన ప్రతిసారీ ఆ మార్పిడి పూర్తయ్యేదాకా ఎదురుచూడాలి.

## పరీక్షించడం

ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం ఎందులో చూడాలి? ఏ నంబర్లు పట్టించుకోవాలి?

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ చాలు. శామ్‌సంగ్ వాళ్ల మెజీషియన్, క్రూషియల్ వాళ్ల స్టోరేజ్ ఎగ్జిక్యూటివ్ లాంటి కంపెనీ టూల్స్ కూడా ఇదే సమాచారం చూపిస్తాయి.

కంప్యూటర్‌కి కలిసే పద్ధతిని బట్టి ఎస్‌ఎస్‌డీలు రెండు రకాలు: పాత పద్ధతి సాటా, దానికంటే వేగమైనది ఎన్‌వీఎంఈ. సాటా ఎస్‌ఎస్‌డీ అయితే 05 నంబరు వరుసలోని రీఅలొకేటెడ్ లెక్క చూడండి. చెడిపోయిన బ్లాకులను పక్కనపెట్టి వాటి బదులు స్పేర్‌వి వాడుకున్న లెక్క అది. సంఖ్య చిన్నదై, నెలల తరబడి కదలకుండా ఉంటే భయం లేదు. వారం వారం పెరుగుతుంటే కొత్తది కొనే ఏర్పాట్లు చేసుకోండి. ఎన్‌వీఎంఈ అయితే మూడు చూడండి: పర్సంటేజ్ యూజ్డ్, అవైలబుల్ స్పేర్, మీడియా అండ్ డేటా ఇంటిగ్రిటీ ఎర్రర్స్. మొదటిది ఆయుష్షులో ఎంత వాడేశారో, రెండోది స్పేర్ బ్లాకులు ఎంత మిగిలాయో చెబుతాయి. మూడోది సున్నా ఉండాలి.

ఆ ప్రోగ్రామ్ విడి సంఖ్యలను మొదట హెక్సాడెసిమల్‌లో చూపిస్తుంది. అక్కడి 64 అంటే మన లెక్కలో 100. ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్, అందులో రా వాల్యూస్‌కి వెళ్లి 10 డెసిమల్ ఎంచుకుంటే మామూలు అంకెలు వస్తాయి. ఇది చేయక కంగారుపడి ఫోన్ చేసినవాళ్లు చాలామంది ఉన్నారు.

హెల్త్ 92 శాతం, 'గుడ్' అని నీలంగా ఉంది. అయినా స్లోగా ఉందేంటి?

ఆ శాతం ప్రధానంగా ఎన్నిసార్లు చెరిపి రాశారన్న లెక్క మీద వస్తుంది. అది వేగాన్ని కొలవదు. డ్రైవ్ నిండిపోవడం, వేడెక్కడం, ఫర్మ్‌వేర్‌లో (డ్రైవ్ లోపలి ప్రోగ్రామ్‌లో) లోపం, కంట్రోలర్ చెడటం ఏవీ అందులో కనబడవు. 95 శాతం హెల్త్ చూపిస్తూనే పూర్తిగా ఆగిపోయిన డ్రైవ్‌లు నా చేతిలోకి వచ్చాయి. అదే విధంగా శాతం సున్నాకి చేరగానే డ్రైవ్ ఆ రోజే పోతుందని కూడా కాదు, కంపెనీ హామీ ఇచ్చిన ఆయుష్షు దాటిందని అర్థం. 'గుడ్' అని చూసి బ్యాకప్ మానకండి.

టీబీడబ్ల్యూ అంటే ఏంటి? నా డ్రైవ్ అది దాటేసిందేమో ఎలా తెలుసుకోవాలి?

వారంటీ కాలంలో మొత్తం ఎన్ని టెరాబైట్లు రాయొచ్చో కంపెనీ చెప్పే హద్దు అది. ఉదాహరణకు శామ్‌సంగ్ 860 ఈవో 250 జీబీకి 150 టెరాబైట్లు, 500 జీబీకి 300. రోజుకు 20 జీబీ రాసినా ఏడాదికి 7.3 టెరాబైట్లే, 150 చేరడానికి 20 ఏళ్లు. బ్రౌజింగ్, ఆఫీస్ పని, పిల్లల ఆన్‌లైన్ క్లాసులకు వాడేవాళ్లు ఈ హద్దు గురించి ఆలోచించనక్కర్లేదు. రోజూ వందల జీబీల వీడియో ఎడిట్ చేసేవాళ్లు, సీసీ కెమెరా రికార్డింగ్ పెట్టినవాళ్లు మాత్రం చూసుకోవాలి. ఇప్పటిదాకా ఎంత రాశారో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో టోటల్ హోస్ట్ రైట్స్ దగ్గర ఉంటుంది.

స్పీడ్ టెస్ట్‌లో ఎంత వస్తే బాగున్నట్టు?

వేగం కొలిచే క్రిస్టల్‌డిస్క్‌మార్క్ ప్రోగ్రామ్‌లో పై వరుస పెద్ద ఫైళ్ల వేగం. సాటా డ్రైవ్‌కి 500 నుంచి 550 ఎంబీ, మూడో తరం ఎన్‌వీఎంఈకి గరిష్ఠంగా 3,500 ఎంబీ దాకా వస్తుంది. కానీ కంప్యూటర్ చురుగ్గా ఉందా లేదా అని తేల్చేది అట్టడుగున ఉండే వరుస, 4కే రాండమ్. చిన్న చిన్న ముక్కలు ఒక్కొక్కటే చదివే వేగం అది. సాటా ఎస్‌ఎస్‌డీలో 20 నుంచి 40 ఎంబీ మామూలు. హార్డ్‌డిస్క్‌లో ఒక్క ఎంబీ కూడా రాదు. మీది అయిదు లోపు చూపిస్తుంటే ఏదో తేడా ఉంది.

సాటా డ్రైవ్‌లో పై వరుస సరిగ్గా 270 దగ్గర ఆగిపోతే తప్పు డ్రైవ్‌ది కాదు, అది పాత సాటా 2 పోర్టులో ఉంది. డీవీడీ డ్రైవ్ తీసి, ఆ చోట పట్టే క్యాడీ అనే ఫ్రేమ్‌లో ఎస్‌ఎస్‌డీ పెట్టించుకున్న ల్యాప్‌టాప్‌ల్లో ఇది తరచూ చూస్తాను. ఎస్‌ఎస్‌డీని అసలు హార్డ్‌డిస్క్ ఉన్న చోట, హార్డ్‌డిస్క్‌ని క్యాడీలో పెట్టించండి. టెస్ట్ మాత్రం పదేపదే చేయకండి, ప్రతిసారీ అది గిగాబైట్ల కొద్దీ రాస్తుంది.

సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్ పెరుగుతోంది. డ్రైవ్ మార్చేయాలా?

ముందు కేబుల్ మార్చండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో సీ7 వరుసలో కనబడే ఈ లెక్క డ్రైవ్‌కీ మదర్‌బోర్డుకీ మధ్య దారిలో డేటా చెడినప్పుడు పెరుగుతుంది. డెస్క్‌టాప్ పక్క మూత తీసి చూడండి. ఆ మూత నొక్కి నొక్కి సాటా కేబుల్ డ్రైవ్ మొదట్లోనే అడ్డంగా మడత పడి ఉంటుంది, క్లిప్ కూడా లూజై ఉంటుంది. కొత్త కేబుల్ వేసినా పాత సంఖ్య సున్నాకి రాదు, అక్కడే ఉంటుంది. ఇకపై పెరగకుంటే పని అయినట్టే.

ఉన్నట్టుండి అరనిమిషం బిగుసుకుపోయి, మళ్లీ ఏమీ జరగనట్టు నడుస్తోంది. ఎందుకు?

ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ మీద నొక్కి, బిగుసుకున్న టైమ్ దగ్గర చూడండి. 129 అని ఉంటే డ్రైవ్ జవాబివ్వక విండోస్ దాన్ని రీసెట్ చేసిందని అర్థం. 153 అంటే చదవడమో రాయడమో కుదరక మళ్లీ ప్రయత్నించింది. 7 అంటే బ్యాడ్ బ్లాక్. 129 ఎప్పుడో ఒకసారి వస్తే కేబుల్, చిప్‌సెట్ డ్రైవర్, పవర్ ప్లాన్‌లోని లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్ సెట్టింగ్ చూసుకోండి. 7, 153 వరుసగా వస్తుంటే డ్రైవ్ చివరి దశలో ఉందనుకుని అదే రోజు డేటా వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి.

## ఇంట్లోనే చేసుకోగలిగిన మరమ్మతు

సీ డ్రైవ్ గీత ఎర్రగా మారింది. నిండితే స్పీడ్ కూడా తగ్గుతుందా?

తగ్గుతుంది. ఖాళీ పది శాతం లోపుకి వస్తే విండోస్ ఆ గీతను ఎర్రగా చూపిస్తుంది. అంతదాకా రానివ్వకూడదు, 15 నుంచి 20 శాతం ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. ఖాళీ లేకపోతే డ్రైవ్ లోపల సర్దుకోవడానికి చోటుండదు, వేగంగా రాయడానికి వాడుకునే క్యాష్ కూడా చిన్నదైపోతుంది.

ఎక్కడ వెతకాలంటే: సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్‌లో టెంపరరీ ఫైల్స్. పెద్ద అప్‌డేట్ తర్వాత మిగిలే పాత విండోస్ ఫోల్డర్ ఒక్కటే 10, 20 జీబీ ఉంటుంది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ టిక్ చేసేముందు లోపల పనికొచ్చేవి ఉన్నాయేమో చూసుకోండి. వాట్సాప్ డెస్క్‌టాప్ దాచుకున్న వీడియోలు, రీసైకిల్ బిన్, ఫొటోషాప్ స్క్రాచ్ ఫైళ్లు కూడా చోటు తినేవే. స్టూడియోలు, డీటీపీ సెంటర్ల వాళ్లకు నేను చెప్పేది ఒకటే: నడుస్తున్న పని ఎస్‌ఎస్‌డీలో, డెలివరీ ఇచ్చేసిన పని హార్డ్‌డిస్క్‌లో ఉండాలి.

డీఫ్రాగ్ చేస్తే ఫాస్ట్ అవుతుందన్నారు. చేయమంటారా?

బయటి డీఫ్రాగ్ సాఫ్ట్‌వేర్‌తో చేయొద్దు. హార్డ్‌డిస్క్‌లో సూది అటూ ఇటూ తిరగకుండా ఫైళ్లను వరుసగా పేర్చడం కోసం వచ్చిన పద్ధతి అది. ఎస్‌ఎస్‌డీలో తిరిగే సూది లేదు, అనవసరంగా రాయడం వల్ల అరుగుదల తప్ప లాభం లేదు.

చేయాల్సింది ట్రిమ్. మీరు ఫైల్ డిలీట్ చేసినా ఆ చోటు ఖాళీ అయిందని ఎస్‌ఎస్‌డీకి తెలియదు. ఫలానా పేజీలు ఇక అక్కర్లేదని విండోస్ దానికి చెప్పడమే ట్రిమ్. 2009లో వచ్చిన విండోస్ 7 నుంచి ఈ ఏర్పాటు ఉంది. స్టార్ట్‌లో డీఫ్రాగ్‌మెంట్ అండ్ ఆప్టిమైజ్ డ్రైవ్స్ అని వెతికి తెరవండి. మీ డ్రైవ్ పక్కన సాలిడ్ స్టేట్ డ్రైవ్ అని ఉంటే ఆప్టిమైజ్ నొక్కండి. పేరులో డీఫ్రాగ్ అని ఉన్నా ఎస్‌ఎస్‌డీని గుర్తుపట్టాక విండోస్ చేసే ముఖ్యమైన పని ట్రిమ్మే. షెడ్యూల్ ఆఫ్‌లో ఉంటే ఆన్ చేసి వారానికోసారి పెట్టండి. విండోస్ బదులు ఉబుంటు వాడేవాళ్లకు ఇది వారానికోసారి దానంతటదే జరుగుతుంది.

రాత్రంతా ఊరికే ఆన్ చేసి వదిలేస్తే స్పీడ్ వస్తుందా?

కొన్నిసార్లు వస్తుంది. పని చేసుకుని వెంటనే షట్‌డౌన్ చేసే అలవాటున్న చోట డ్రైవ్‌కి లోపల సర్దుకునే తీరిక దొరకదు. కొంత చోటు ఖాళీ చేసి, ఒకసారి ట్రిమ్ చేసి, స్లీప్ ఆపేసి, సైన్ అవుట్ అయ్యి లాగిన్ స్క్రీన్ మీద ఆరేడు గంటలు వదిలేయండి. ఖర్చు లేని పని, ఒకసారి చేసి చూడొచ్చు.

పెద్ద ఫైల్ కాపీ పెడితే మొదట 400 ఎంబీ, కాసేపటికి 50 ఎంబీ. పాడైందా?

పాడవలేదు, దాని పద్ధతే అంత. టీఎల్‌సీ, క్యూఎల్‌సీ డ్రైవ్‌లు కొంత భాగాన్ని ఒక్క బిట్ గదుల్లా వాడి ముందు అందులోకి వేగంగా రాసుకుంటాయి. అది నిండాక నేరుగా నెమ్మది గదుల్లోకి రాయాలి. చౌక క్యూఎల్‌సీ డ్రైవ్ ఆ దశలో హార్డ్‌డిస్క్ కంటే వెనకబడుతుంది. పెళ్లి వీడియో కార్డులు నాలుగు వరుసగా ఎక్కించకుండా, రెండింటి మధ్య పది నిమిషాలు ఆగితే క్యాష్ ఖాళీ చేసుకుంటుంది. ఇదివరకు 60 జీబీ తర్వాత పడిపోయే స్పీడ్ ఇప్పుడు అయిదు జీబీకే పడిపోతుంటే డ్రైవ్ నిండిపోయిందేమో చూడండి.

కొత్త ఫైళ్లు టక్కున తెరుచుకుంటాయి, రెండేళ్ల కిందటి ఫొటోలు మాత్రం ఈడుస్తాయి. ఇదేం విచిత్రం?

విచిత్రం కాదు, బాగా తెలిసిన సమస్య. గదుల్లోని ఆవేశం కాలం గడిచేకొద్దీ కొంచెం కొంచెంగా జారుతుంది. కంట్రోలర్ ఒక్కసారికి చదవలేక మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. శామ్‌సంగ్ 840 ఈవోలో 2014లో ఇది ప్రపంచమంతా బయటపడింది. పాత డేటా చదివే వేగం హార్డ్‌డిస్క్ కంటే కిందికి పడిపోయేది. ఆ ఏడాది అక్టోబరులో కంపెనీ ఒక సరిచేసే టూల్ ఇచ్చింది, అది చాలక 2015లో మరో ఫర్మ్‌వేర్ విడుదల చేసింది.

మీ డ్రైవ్‌కి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉంటే అది వేయండి. లేకపోతే ఆ పాత ఫోల్డర్‌ను వేరే డిస్క్‌లోకి కాపీ చేసి, అన్ని ఫైళ్లూ తెరుచుకుంటున్నాయని చూసుకుని, ఎస్‌ఎస్‌డీలో డిలీట్ చేసి తిరిగి కాపీ చేయండి. కొత్తగా రాసిన డేటా మళ్లీ వేగంగా చదువుతుంది.

ఎండాకాలం మధ్యాహ్నాలు మాత్రమే స్లో అవుతోంది. ఎండకీ దీనికీ సంబంధం ఉంటుందా?

ఉంటుంది. ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లు వేడి ఒక హద్దు దాటగానే, చాలా మోడళ్లలో అది 70, 80 డిగ్రీల మధ్య ఉంటుంది, తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో బయట 45 డిగ్రీలు ఉన్నప్పుడు, ఏసీ లేని గదిలో, పరుపు మీద పెట్టిన ల్యాప్‌టాప్ ఆ హద్దు చేరడానికి పెద్ద పనేమీ పెట్టక్కర్లేదు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో టెంపరేచర్ చూస్తూ పని చేయండి. గట్టి బల్ల మీద పెట్టడం, ఫ్యాన్ జాలీలో దుమ్ము తీయించడం, డ్రైవ్ మీద థర్మల్ ప్యాడ్ వేయించడం, ఈ మూడూ చేస్తే చాలామందికి సరిపోతుంది. రెండున్నర అంగుళాల సాటా డ్రైవ్‌లకు ఈ బెడద తక్కువ.

ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అవసరమా? చేస్తే డేటా పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

అవసరమైన సందర్భాలు ఉన్నాయి. క్రూషియల్ ఎం4 డ్రైవ్‌లు 5,184 గంటలు నడిచాక ఆగిపోతుంటే 2012 జనవరిలో కంపెనీ ఫర్మ్‌వేర్‌తో సరిచేసింది. 2019లో హెచ్‌పీ ఎంటర్‌ప్రైజ్ సర్వర్లలోని కొన్ని ఎస్‌ఎస్‌డీలు సరిగ్గా 32,768 గంటల దగ్గర చచ్చిపోతాయని కంపెనీయే హెచ్చరించి అప్‌డేట్ ఇచ్చింది. అంటే అరుగుదలతో పని లేకుండా, ప్రోగ్రామ్‌లోని తప్పు వల్ల కూడా డ్రైవ్ పోవచ్చు.

మీ భయం కూడా సరైనదే. బ్యాకప్ తీసుకున్నాక మాత్రమే చేయండి. డెస్క్‌టాప్‌కి యూపీఎస్ లేకపోతే, ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ నిలవకపోతే ఆ పని మొదలుపెట్టకండి. మధ్యలో కరెంటు పోతే డ్రైవ్ మొత్తానికే పోవచ్చు.

విండోస్ మళ్లీ వేయిస్తే సరిపోతుందా?

చెత్త పేరుకుని స్లో అయితే సరిపోతుంది. డ్రైవ్ చెడితే సరిపోదు, వారం బాగుండి మళ్లీ అదే కథ. వేయించేటప్పుడు యాక్టివేటర్లతో వచ్చే దొంగ విండోస్ మాత్రం వద్దు. వాటితోపాటు వచ్చే వైరస్‌లు వెనక నడుస్తూ డిస్క్‌ను ఊపిరాడనివ్వవు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. మీ కంప్యూటర్ 11కి అర్హత లేనిదైతే లినక్స్ మింట్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఆలోచించండి.

పీసీ బూస్టర్, క్లీనర్ సాఫ్ట్‌వేర్లు వేసుకోవచ్చా?

వద్దు. అక్కర్లేని ఫైళ్లు తీసేయడానికి విండోస్‌లోనే ఉన్న స్టోరేజ్ సెన్స్ చాలు.

## ముదిరిన లక్షణాలు

ఫైళ్లు తెరుచుకుంటున్నాయి, కానీ సేవ్ కావట్లేదు. 'రైట్ ప్రొటెక్టెడ్' అంటోంది.

డ్రైవ్ తన చివరి పని చేస్తోంది. రాయడానికి ఆరోగ్యమైన బ్లాకులు అయిపోతే, ఉన్న డేటా అయినా దక్కాలని కొన్ని డ్రైవ్‌లు చదవడం వరకే అనుమతిస్తాయి. ఫార్మాట్ చేయాలని చూడకండి, కాదు కూడా. రీస్టార్ట్ కూడా చేయొద్దు, కొన్ని మోడళ్లు ఆ తర్వాత కనబడవు. ఇప్పుడే, ఇలాగే బయటి డిస్క్ తగిలించి కాపీ చేసుకోండి.

కరెంటు పోయి వచ్చాక ఎస్‌ఎస్‌డీ బయాస్‌లోనే (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్ స్క్రీన్‌లోనే) కనబడట్లేదు. ఆశ ఉందా?

కొంచెం ఉంది. ఏ డేటా ఏ చిప్‌లో ఉందో చెప్పే పట్టిక రాస్తుండగా కరెంటు పోతే అది చెదిరిపోతుంది. సర్వర్ డ్రైవ్‌లలో ఇలాంటప్పుడు ఆదుకునే కెపాసిటర్లు ఉంటాయి, మనం ఇళ్లల్లో వాడే చాలా వాటిలో ఉండవు. కంప్యూటర్ ఆన్ చేసి బయాస్ స్క్రీన్ మీదే 20, 30 నిమిషాలు వదిలేయండి. తర్వాత పూర్తిగా ఆఫ్ చేసి అర నిమిషం ఆగి, మళ్లీ అలాగే ఒకసారి చేయండి. డ్రైవ్ ఆ పట్టికను తనంతట తానే మళ్లీ కట్టుకునే అవకాశం ఉంది. కనబడితే విండోస్‌లో పని మొదలుపెట్టకుండా ముందు డేటా కాపీ చేసుకోండి.

చెక్‌డిస్క్ రన్ చేస్తే బాగవుతుందా?

ఎర్రర్లు వస్తున్న డ్రైవ్ మీద, డేటా తీయకముందు, చేయొద్దు. అది ఫైల్ సిస్టమ్ లెక్కలు సరిచేసే పనిముట్టు. ఆ క్రమంలో చెడిన ఫైళ్లను ముక్కలు చేసి పక్కన పడేస్తుంది, పూర్తి స్కాన్ పెడితే డిస్క్ అంతా చదివించి నీరసంగా ఉన్న డ్రైవ్‌ను ఇంకా అలసగొడుతుంది. విలువైన డేటా అయితే లినక్స్‌లోని డీడీరెస్క్యూతో ముందు డ్రైవ్ మొత్తానికి ఇమేజ్, అంటే అచ్చు కాపీ, తీయించి, ఆ కాపీ మీద ప్రయోగాలు చేయండి.

అమెరికా వెళ్తూ ల్యాప్‌టాప్ ఇంట్లో బీరువాలో పెట్టి వెళ్లాను. రెండేళ్ల తర్వాత అందులో డేటా ఉంటుందా?

కొత్తదాన్ని తక్కువ వాడి పెట్టి ఉంటే చాలావరకు ఉంటుంది. బాగా అరిగిందైతే భరోసా లేదు. చిప్‌ల పరిశ్రమకు ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ లెక్క ప్రకారం ఇళ్లల్లో వాడే ఎస్‌ఎస్‌డీ తన రాత హద్దు పూర్తయ్యాక, కరెంటు లేకుండా 30 డిగ్రీల వేడిలో ఒక ఏడాది డేటా నిలపాలి. మన ఎండాకాలంలో మూసిన గదిలో బీరువా 30 డిగ్రీల్లో ఉండదు, వేడి పెరిగేకొద్దీ ఆ గడువు తగ్గుతుంది. ఇంట్లో ఉన్నవాళ్లతో రెండు మూడు నెలలకోసారి ఆన్ చేయించి కొన్ని గంటలు ఉంచమనండి. ఏళ్ల తరబడి దాచాలనుకున్న ఫొటోలకు హార్డ్‌డిస్క్‌లో ఒక కాపీ, క్లౌడ్‌లో ఒక కాపీ ఉండాలి.

## కొత్తది వేసుకోవడం

నా ల్యాప్‌టాప్‌కి ఎన్‌వీఎంఈ పడుతుందా? ఏది కొనాలి?

మోడల్ నంబరుతో సర్వీస్ మాన్యువల్ వెతికి చూడండి. ఎం.2 స్లాట్ (సన్నటి పట్టీలాంటి ఎస్‌ఎస్‌డీ దూర్చే చోటు) ఉన్నంతమాత్రాన ఎన్‌వీఎంఈ పడుతుందని కాదు, కొన్నిటికి సాటా రకమే పడుతుంది, చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. పొడవు కూడా చూసుకోవాలి, 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు.

విండోస్ ఉండే డ్రైవ్‌కి నేను టీఎల్‌సీయే చెబుతాను. సాటా అయితే డీర్యామ్ క్యాష్ (డ్రైవ్‌లోనే ఉండే చిన్న ర్యామ్ చిప్) ఉన్నది వెతకండి, తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఇంతకుముందు 240 జీబీ నిండిపోయి ఇబ్బందిపడ్డవాళ్లు మళ్లీ 240 కొనకండి. ఊరూపేరూ లేని 2 టెరాబైట్ల డ్రైవ్ నమ్మలేనంత చౌకగా కనబడితే కొనొద్దు. లోపల చిన్న మెమరీ కార్డు పెట్టి, పెద్ద సైజు అని అబద్ధం చెప్పించే నకిలీలు చాలా ఉన్నాయి. కొన్నవెంటనే హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూతో మొత్తం నింపి చూస్తే నిజం తేలిపోతుంది.

క్లోన్ చేయాలా, ఫ్రెష్‌గా విండోస్ వేయాలా?

పాత డ్రైవ్ ఆరోగ్యంగా ఉండి, చోటు చాలక మాత్రమే మారుస్తుంటే క్లోన్ చేయండి, అంటే విండోస్‌తో సహా అంతా ఉన్నదున్నట్టు కొత్తదాంట్లోకి కాపీ చేయండి. కంపెనీ టూల్ గానీ, ఉచితంగా దొరికే క్లోన్‌జిల్లా గానీ వాడొచ్చు. పాత అనూ ఫాంట్స్, పేజ్‌మేకర్ సెటప్ ఉన్న డీటీపీ సిస్టమ్‌లకైతే క్లోనే మేలు, ఆ సీడీలు, కీలు మళ్లీ దొరకడం కష్టం. పాత డ్రైవ్ ఎర్రర్లు చూపిస్తుంటే మాత్రం ఫ్రెష్‌గా వేయండి, చెడిన ఫైళ్లను కొత్త ఇంటికి మోసుకెళ్లకండి.

పాత డ్రైవ్ బయట తగిలిస్తే బిట్‌లాకర్ కీ అడుగుతోంది. నేనెప్పుడూ పాస్‌వర్డ్ పెట్టలేదే?

మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయిన చాలా ల్యాప్‌టాప్‌లలో డివైస్ ఎన్‌క్రిప్షన్, అంటే బిట్‌లాకర్ తాళం, దానంతటదే ఆన్ అయి ఉంటుంది. 48 అంకెల రికవరీ కీ ఆ అకౌంట్‌లోనే సేవ్ అయి ఉండొచ్చు. ఫోన్‌లో అదే అకౌంట్ తెరిచి డివైసెస్ కింద చూడండి. షాపు వాళ్లు సెటప్ చేసి ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఏ ఈమెయిల్‌తో చేశారో కనుక్కోండి. డ్రైవ్ తీయకముందే ఈ కీ కాగితం మీద రాసి పెట్టుకోవడం ఉత్తమం.

తీసేసిన పాత ఎస్‌ఎస్‌డీని ఎవరికైనా ఇచ్చేయొచ్చా?

మామూలు ఫార్మాట్ కొట్టి ఇవ్వకండి. హార్డ్‌డిస్క్ మీద పదేపదే రాసి చెరిపే పద్ధతి కూడా ఇక్కడ పూర్తిగా పని చేయదు, పక్కన పెట్టిన స్పేర్ బ్లాకుల్లో మీ డేటా మిగిలిపోవచ్చు. కంపెనీ టూల్‌లో గానీ, కొన్ని మదర్‌బోర్డుల బయాస్‌లో గానీ సెక్యూర్ ఎరేజ్ ఉంటుంది. అది డ్రైవ్ లోపలి కంట్రోలర్‌తోనే అంతా చెరిపిస్తుంది. సరైన డ్రైవ్ ఎంచుకున్నారో లేదో రెండుసార్లు చూసుకుని నొక్కండి, వెనక్కి తెచ్చుకునే దారి లేదు.

చెరిపాక హెల్త్ బాగుంటే యూఎస్‌బీ కేస్‌లో పెట్టి సినిమాలు, పాటలు మోసుకెళ్లడానికి వాడుకోవచ్చు. ఒక్క కాపీ మాత్రమే ఉన్నదేదీ అందులో పెట్టకండి. కనబడకుండా పోయిన డ్రైవ్‌ను చెరపడం కుదరదు కాబట్టి, మూత విప్పి లోపలి నల్లటి చిప్‌లన్నీ ఒక్కొక్కటిగా సుత్తితో పగలగొట్టి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి. చెత్తబుట్టలో వేయొద్దు.